చిలకమ్మ మెచ్చిన బడి

ఇప్పలగుంపు ప్రాథమిక పాఠశాలలో ఈసం బొజ్జయ్య హోదా ఏమిటన్నది ప్రభుత్వానికి కూడా స్పష్టంగా తెలియదు. ఉపాధ్యాయుడని అనడానికి వీల్లేదు, ఆ మాట పరీక్షలు గెలిచి నియామక పత్రం అందుకున్నవాళ్ల సొత్తు. నౌకరు అనడానికీ వీల్లేదు, బడి ఊడ్చడానికి వేరే మనిషి ఉంది. కాగితాల్లో ఆయన పేరుకెదురుగా ‘భాషా సహాయకుడు, తాత్కాలికం’ అని ఉండేది. ఆ తాత్కాలికం అన్న మాట బొజ్జయ్య జుట్టు నల్లగా ఉన్న రోజుల్లో పడింది. జుట్టు నెరిసిపోయింది గానీ మాట మాత్రం చెక్కుచెదరలేదు. ఏటా బడులు తెరిచే ముందు ఆ తాత్కాలికాన్ని ఇంకో ఏడాదికి పొడిగించేవారు. పొడిగిస్తారో లేదో తెలియని వేసవి మాత్రం బొజ్జయ్యకు ఏటా ఒకటి దక్కేది.

జూలూరుపాడు దాటాక అడవిలోకి వెళ్లే మట్టిరోడ్డు ఎక్కడ అలిసిపోతుందో అక్కడ ఇప్పలగుంపు ఉంటుంది. ఇళ్లలో కోయ మాట్లాడతారు. పిల్లలు కోయలో ఏడ్చి, కోయలో నవ్వి, కోయలో తిట్టుకుని, ఈడు రాగానే బడికి వస్తారు. బడిలో పుస్తకం తెలుగులో ఉంటుంది. ఒకటి, రెండు తరగతుల పిల్లలను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు చేర్చడం బొజ్జయ్య పని. చింతకాయో ఇప్పపువ్వో చేతికిచ్చి దాని పేరు ముందు ఇంటి మాటలో అనిపించేవాడు, తర్వాత తెలుగులో అనిపించేవాడు, ఆ తర్వాత పలక మీద రాయించేవాడు. వానాకాలంలో నోరు విప్పని పిల్ల దసరాకల్లా తెలుగులో చాడీలు చెప్పేది. చాడీలు చెప్పగలిగిన రోజున ఆ పిల్లకు భాష వచ్చినట్టే అని బొజ్జయ్య సిద్ధాంతం. ఈ సిద్ధాంతాన్ని ఏ శిక్షణా తరగతిలోనూ ఎవరూ అడగలేదు కాబట్టి ఆయన ఎక్కడా చెప్పలేదు.

ఆయనకు ఈ పనిమీద పట్టుదల రావడానికి కారణం లేకపోలేదు. చిన్నప్పుడు ఆశ్రమ పాఠశాలలో చేర్పించిన రోజు సారు తెలుగులో పేరడిగాడు. బొజ్జయ్యకు అర్థం కాలేదు. మర్నాడు అడిగాడు, అప్పుడూ కాలేదు. పిల్లవాడు మూగవాడని సారు దయగల హృదయంతో నిర్ణయించి, వెనకవరసలో గోడ పక్కన కూర్చోబెట్టి, ఇక ఏ ప్రశ్నతోనూ బాధపెట్టలేదు. చలికాలంలో కొత్త వంటమనిషి వచ్చింది. కోయామె. అన్నం పెడుతూ ఏదో అడిగితే బొజ్జయ్య టకటకా జవాబు చెప్పాడు. మూగవాడికి మాటొచ్చిందని బడంతా ఆశ్చర్యపోయింది. ఆ మహిమను సారు దేవుడి ఖాతాలో వేశాడు, వంటమనిషికి మిగిలింది గరిటె.

అలాంటి బొజ్జయ్య బతుకులోకి ఒక జూన్ నెలలో చిలకమ్మ ప్రవేశించింది.

చిలకమ్మ అంటే ఒక యాప్. పిల్లలు ఇంట్లో ఉన్న ఫోను బడికి తేవాలి, తెర మీద కనిపించే పాఠాన్ని పైకి చదవాలి. ఆకుపచ్చ చిలక ఒకటి చెవి ఒగ్గి వింటుంది. బాగా చదివితే రెక్కలు కొట్టి గంతులేస్తుంది, బాగా చదవకపోతే తల వాల్చేస్తుంది. అది తల ఎన్నిసార్లు వాల్చిందీ ఎన్నిసార్లు గంతులేసిందీ లెక్కకట్టి పై ఆఫీసుకు తనే పంపుకుంటుంది. ఇప్పలగుంపులో చిలక అంటే జొన్నకంకి మీద వాలే దొంగ. వడిసెల పట్టుకుని మంచె ఎక్కి దాన్ని తోలడం అక్కడి పిల్లలకు పుట్టుకతో వచ్చిన విద్య. ఇప్పుడా దొంగనే పరీక్షాధికారిగా నియమించారని తెలిసి పిల్లలు కాస్త తికమకపడ్డారు.

ఈ విధానాన్ని వివరించడానికి వెంకటరామారావు వచ్చాడు. ఆయన మండలానికంతటికీ సాంకేతిక బోధనా సమన్వయకర్త. ఆ పదవి పేరు పలకడానికి పట్టే కాలంలో ఇప్పలగుంపును ఓ చివరి నుంచి ఇంకో చివరికి నడిచిరావచ్చు. వాళ్ల తాతల కాలంలోనే కోస్తా నుంచి వచ్చి సత్తుపల్లి దగ్గర భూములు కొన్నారు, ఇప్పుడు పామాయిల్ తోట ఉంది. మనిషి చెడ్డవాడు కాదు. ఎండలో కారు దిగి, చెమట తుడుచుకుంటూ కూడా నవ్వగలడు. ప్రతి బిడ్డ చేతిలో ఒక బడి ఉండబోతోందని, అడవికీ నగరానికీ మధ్య ఉన్న దూరం నేటితో అంతరించిందని ఆయన ప్రకటించాడు. తర్వాత తన ఫోనుకు సిగ్నల్ అందక, ప్రకటనకు సాక్ష్యంగా చూపాల్సిన వీడియోను చూపలేకపోయాడు.

సిగ్నల్ బడి వెనక ఉన్న నల్లబండ మీద దొరుకుతుంది. ఊళ్లోవాళ్లు ఫోను మాట్లాడాలంటే అక్కడికే ఎక్కుతారు. కాబట్టి తరగతి గది ఆ బండ మీదికి మారింది. ఇంటికొక్క ఫోను, అదీ తండ్రిది. ఆ ఫోను పిల్లల చేతిలో బడికొస్తే, మిరపతోటల కూలీలను పోగుచేసే మేస్త్రీ చేసే ఫోన్లన్నీ బడికే రావడం మొదలైంది. పిల్ల చిలకమ్మకు పాఠం చదువుతుండగా ఫోను మోగేది. ఎంతమంది వస్తున్నరు, ట్రాలీ ఎక్కడ ఆపాలె అని మేస్త్రీ అడిగేవాడు. రెండో తరగతి పిల్లలు కూలీల లెక్క పొల్లుపోకుండా చెప్పి, మళ్లీ పాఠంలోకి వచ్చేవారు. నిజానికి బండ మీద వాళ్లు తడుముకోకుండా మాట్లాడిన తెలుగు అదొక్కటే. చిలకమ్మ దాన్ని పరిగణించలేదు.

మొదటి పాఠం లిఫ్టు గురించి. రవి లిఫ్టు ఎక్కి ఐదో అంతస్తులో ఉన్న అమ్మమ్మ ఇంటికి వెళ్లాడు. ఇప్పలగుంపులో రెండో అంతస్తు జొన్నచేలో మంచెకు మాత్రమే ఉంటుంది. కొత్తగూడెం గనుల్లోకి మనుషులను దించే ఇనుపబోను సంగతి చెప్పి, అదే మీదికి పోతే లిఫ్టు అని బొజ్జయ్య విడమరచాడు. అయితే రవి వాళ్ల అమ్మమ్మది ఏ షిఫ్టు అని పిల్లలు అడిగారు. ఆ సందేహానికి యాప్‌లో చోటు లేదు.

పాఠం అర్థమయ్యాక కూడా చిలకమ్మ కరుణించలేదు. పిల్లలు చదివారు, అది తల వాల్చింది. మెల్లగా చదివారు, వాల్చింది. గట్టిగా చదివారు, వాల్చింది. పదాలన్నీ సరిగానే ఉన్నాయి. పలకడంలో మాత్రం కోయ యాస ఉంది. ఆ చిలకను పెంచినవాళ్లు ఏ పట్నం గొంతులు విని పెంచారో గానీ ఈ యాస దాని చెవికి మాటలాగే వినపడలేదు. ప్రతిసారీ ఒకే ముక్క చెప్పేది: “మీ గొంతు వినిపించలేదు. మళ్లీ ప్రయత్నించండి.”

ఒక్క పుష్పలత చదివితే మాత్రం గంతులేసింది. నాలుగో తరగతి పిల్ల. మేనమామ గనిలో కాంట్రాక్టు పనికి పోతుంటే, వాళ్లింట్లో ఉండి కొత్తగూడెం కాలనీలో మూడో తరగతి దాకా చదివి వచ్చింది. ఆ కాలనీ తెలుగు చిలకమ్మ మెచ్చిన తెలుగు.

ఒకరోజు బడి వదిలాక బొజ్జయ్య ఇంటి ఫోను తీసుకుని ఒంటరిగా బండ ఎక్కాడు. గొంతు సవరించుకున్నాడు. ఇంతకాలం ఇన్ని బ్యాచుల పిల్లలకు తెలుగు నేర్పిన మనిషి, రవి లిఫ్టు ఎక్కిన వృత్తాంతాన్ని నిదానంగా, గౌరవంగా చదివాడు. చిలకమ్మ తల వాల్చింది. గొంతు వినిపించలేదంది. మళ్లీ చదివాడు. చీకటి పడుతోందని భార్య పుల్లమ్మ వెతుక్కుంటూ వచ్చేసరికి, ఆయన ఇంకా అదే వాక్యం దగ్గర ఉన్నాడు.

“ఎవరితోని మాట్లాడుతున్నవ్?” అంది పుల్లమ్మ.

“ఎవరితోని లేదు,” అన్నాడు బొజ్జయ్య, “ఇంటలేరు.”

పుల్లమ్మ ఫోను తీసుకుని తెర చూసింది. తల వాల్చిన చిలకను చూసి, దీనికి ఏదో తెగులు తగిలినట్టుంది, కోళ్ల దగ్గరికి రానియ్యకు అంది.

వానలు వెనకబట్టే వేళకు ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఏ బడిలో పిల్లల చదువు చిలకమ్మ లెక్కలో అడుగున ఉందో, అక్కడి సహాయకుల సేవలు ఫలించలేదని భావించి వచ్చే ఏడు పొడిగింపు ఇవ్వబోమని దాని సారాంశం. దాన్ని హెడ్మాస్టరమ్మ ప్రసూన వరండాలో నిలబడి బొజ్జయ్యకు చదివి వినిపించింది. కొత్తగూడెం నుంచి రోజూ స్కూటీ మీద గుంతలు లెక్కపెట్టుకుంటూ వచ్చే మనిషి ఆమె. పిల్లలంటే ప్రేమ ఉంది. నడుం నొప్పి అంతకన్నా ఎక్కువ ఉంది.

“బొజ్జన్నా, నీ పని నాకు తెలుసు గాని నా మాట ఎవరింటరు?” అంది. “ఎట్లనన్న జేసి డిసెంబర్‌కల్లా ఆ చిలక లేవాలె. లేకుంటే నేనేం చెయ్యలేను.”

వరండా పక్కనే మధ్యాహ్న భోజనానికి కంచాలు కడుక్కుంటున్న పిల్లలు ఈ మాట విన్నారు. పెద్దవాళ్లు పెద్ద గొంతుతో మాట్లాడుకునేవన్నీ పిల్లలకు తెలియవని అనుకోవడం బడి నడిచినన్నాళ్లూ నడిచే మూఢనమ్మకం.

ఇక్కడ బీడీలు చుట్టే తునికాకు సంగతి చెప్పుకోవాలి. ఎండాకాలం ఊరంతా అడవికి పోయి తునికాకు తెంపుకొస్తుంది. సాయంత్రం దాన్ని కట్టలు కట్టి, ఆకు కొనే కల్లానికి చేర్చాలి. ఆకు అందరూ తెంపగలరు, కట్ట కట్టే చెయ్యి అందరికీ ఆడదు. బాలింత ఉంటుంది, చేతులు వణికే ముసలాయన ఉంటాడు. చెయ్యి ఆడినవాళ్లు తమ కట్టలతో పాటు పక్కవాళ్లవీ కట్టి, వాళ్ల పేరు మీదనే అప్పజెప్పి వస్తారు. దీన్ని ఎవరూ మెచ్చుకోరు. మెచ్చుకోవాల్సిన పనని కూడా ఎవరూ అనుకోరు. అలా చెయ్యనివాళ్ల గురించి మాత్రం ఊళ్లో చెప్పుకుంటారు.

తర్వాతి వారం పిల్లలు ఏ గొడవా లేకుండా బండ దిగి ఆడుకుంటుంటే బొజ్జయ్యకు అనుమానం వచ్చింది. పైకెక్కి చూశాడు. ఎండకు కాగకుండా తన చున్నీ పరిచి, దాని మీద బడిలోని ఫోన్లన్నీ వరసగా పెట్టుకుని పుష్పలత కూర్చుంది. ఒక్కో ఫోనూ తీసి రవిని లిఫ్టు ఎక్కిస్తోంది. చిలకమ్మ గంతులేయగానే దాన్ని పక్కన పెట్టి రెండోది తీస్తోంది. గొంతు బొంగురుపోయింది.

ఏం చేస్తున్నావని అడిగాడు. ఆ పిల్లకు దాచాల్సిన సంగతి ఏదీ కనపడలేదు.

“అందరివి చదువుతున్న సార్. వాళ్లకు ఆడుతలేదు, నాకు ఆడుతది.”

“గట్ల చదవద్దు బిడ్డా. ఎవరిది వాళ్లే చదవాలె.”

“మరి నిన్ను తీసేస్తరంట గద?”

ఆయన ఆ క్షణాన చెప్పదగిన నీతివాక్యాలు తెలుగు వాచకంలో పుష్కలంగా ఉన్నాయి, చాలావాటిని ఆయనే పిల్లలచేత వల్లె వేయించాడు. వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు. కింద రెండో తరగతి పిల్లలు తెలుగులో పోట్లాడుకుంటున్న గోల వినపడింది. ఇంకొక్క ఏడు దొరికితే వీళ్లు చదువుతారు అనుకున్నాడు. చిలకమ్మకు కాకపోతే మనుషులకైనా చదువుతారు. బండ దిగి వచ్చేశాడు.

మర్నాడు ఇంటి నుంచి చిన్న సీసాలో తేనె తెచ్చాడు. బండెక్కే ముందు నాకమని పుష్పలత చేతికిచ్చాడు. ఈ మొత్తం నేరంలో ఆయన పాత్ర ఆ తేనె సీసా. అది చిన్నదని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

డిసెంబర్‌కల్లా ఇప్పలగుంపు ప్రాథమిక పాఠశాల మండలంలోనే మొదటి వరసలోకి వచ్చింది. పట్టణంలో ఫీజులు వసూలు చేసే బడులు కూడా దానికి అడుగునే ఉన్నాయని ఆఫీసులో చెప్పుకున్నారు. ఇంతమంది పిల్లలు ఒకే గొంతుతో చదువుతున్నారేమిటని ఎవరూ అడగలేదు. చిలకమ్మ ఉద్యోగం తప్పులు పట్టడం, మనుషులను పట్టడం దాని విధుల్లో లేదు.

వేసవి సెలవులకు ముందు వెంకటరామారావు మళ్లీ వచ్చాడు. ఈసారి శాలువా తెచ్చాడు. బడి ముందు కుర్చీలు వేశారు. పిల్లల తండ్రుల్లో పనికి పోకుండా ఆగినవాళ్లు గోడ వారన నిలబడ్డారు. ఆయన బొజ్జయ్యకు శాలువా కప్పి, అడవితల్లి ఒడిలో వెలసిన సరస్వతీ నిలయమని ఆ రేకుల గదిని పొగిడి, ఆపైన చల్లని కబురు చెప్పాడు.

“మీ పిల్లలకి తెలుగు పూర్తిగా వచ్చేసిందని నిర్ధారణ అయిందండీ. అందుకని ఈ బడికిక భాషా సహాయకుడి అవసరం లేదని పైవాళ్లు తీర్మానించారు. వెనకబడిన బడులకే ఆ పోస్టులు. ఇది మీ విజయం బొజ్జయ్యగారూ, వేరేలా అనుకోకండి.”

చప్పట్లు కొట్టాలేమోనని గోడ వారన ఇద్దరు కొట్టారు. బొజ్జయ్య శాలువా సర్దుకోలేదు. అది ఒక భుజం మీద నుంచి జారి వేలాడుతూ ఉంది. అడుగున ఉంటే పని రాలేదని తీసేస్తారు, మీదికొస్తే పని అయిపోయిందని తీసేస్తారు. ఈ ఏర్పాటులోని సమన్యాయాన్ని ఆయన కొంతసేపు మనసులోనే తూచి చూశాడు. ఎటూ పోయే పదవే. పిల్లల సంగతైనా నిజం చెప్పేద్దాం అనుకున్నాడు.

“సార్, చదివింది వీళ్లు కాదు,” అన్నాడు. “ఒక్క పిల్లే అందరి ఫోన్లల్ల చదివింది. నాకు తెల్సు. నేనే ఊకున్న. వీళ్లకింక సరిగ చదవరాదు సార్, ఇంకో రెండేండ్లన్న పడ్తది.”

ప్రసూన చెప్పుల వైపు చూసుకుంది. వెంకటరామారావు నవ్వు అలాగే ఉంది గానీ దాని వెనక ఉన్న మనిషి కాసేపు ఎటో వెళ్లి వచ్చాడు. ఇలాంటివి అందరి ముందు అనకూడదండీ అన్నాడు. ఉద్యోగం పోతోందన్న బాధలో మనిషి ఏదైనా అంటాడని, తను అర్థం చేసుకోగలనని అన్నాడు. అయినా న్యాయం న్యాయమే కాబట్టి, ఇప్పుడే ఒక పిల్లచేత చదివించి చూద్దామన్నాడు.

ముందు వరసలో ఉన్న ఉంగిని పిలిచాడు. ఒకటో తరగతి పిల్ల. దసరాకు నోరు విప్పింది, సంక్రాంతికి అక్షరాలు కూడబలుక్కుంది. ఆయన పుస్తకం తెరిచి ఇచ్చాడు. ఉంగి వేలు పెట్టి, ఒక్కో అక్షరాన్నీ పొదలోంచి కుందేలును లాగినట్టు లాగి, కోయ యాసలో ఒక వాక్యం చదివింది. ఎక్కువసేపే పట్టింది. కానీ చివరి దాకా చదివింది. బొజ్జయ్య పెదవులు ఆ పిల్లతో పాటే కదిలాయి. అది ఆయన ఏడాది కష్టం. ఆ వాక్యం వరకే వచ్చింది, కానీ నిజంగా వచ్చింది.

వెంకటరామారావు తన ఫోనులో ముందే దించుకుని తెచ్చుకున్న లెక్కల్లోంచి ఉంగిది తీసి చూశాడు. చిలకమ్మ ఆ పిల్లకు నూటికి నూరు వేసి ఉంది.

“చూశారా, కొత్త మనుషుల్ని చూసి బెదిరింది పాపం,” అన్నాడు. “లేకపోతే గడగడా చదువుతుంది. ఇందులో ఉందిగా.”

“సార్, మీరిప్పుడు చెవులతోని ఇన్నరు గద,” అన్నాడు బొజ్జయ్య.

“నా చెవులదేముందండీ, రిపోర్టు పైకెళ్లిపోయింది,” అన్నాడు ఆయన. ఆ మాట మటుకు నవ్వకుండా అన్నాడు.

పొరపాటు చేశాననుకుని ఉంగి ఏడుపు మొహం పెట్టింది. బొజ్జయ్య ఆ పిల్లతో కోయలో రెండు ముక్కలు మాట్లాడాడు. ఏమన్నాడో కుర్చీల్లో ఉన్నవాళ్లకు అర్థం కాలేదు, అడగలేదు కూడా. ఉంగి మాత్రం ముక్కు తుడుచుకుని వెళ్లి తన చోట కూర్చుంది.

జూన్‌లో బడి తెరిచింది, బొజ్జయ్య లేకుండా. పుష్పలతకు గురుకులంలో సీటొచ్చి వెళ్లిపోయింది. కొత్తగా ఒకటో తరగతిలో చేరిన పిల్లలు గోడ పక్కన నిశ్శబ్దంగా కూర్చున్నారు. బుద్ధిమంతులైన పిల్లలని తనిఖీకి వచ్చినవాళ్లు రాసి వెళ్లారు. బండ మీద చిలకమ్మ మళ్లీ తల వాల్చింది. మొదటి వరసలో ఉన్న బడి ఒక్కసారిగా అడుగుకు జారడానికి కారణమేమిటని ఆఫీసువాళ్లు గాఢంగా విచారించి, ఫోన్లు పాతబడ్డాయని తేల్చారు. తల్లిదండ్రులు కొత్త ఫోన్లు కొనుక్కోవలసిందిగా సూచించారు.

మిరపకాయ కోతలు మొదలయ్యాక బొజ్జయ్య కూడా ట్రాలీ ఎక్కాడు. పిల్లలు ఒకప్పుడు ఎవరికి జవాబు చెప్పేవారో ఆ మేస్త్రీయే ఇప్పుడు ఆయనకూ మేస్త్రీ. మొదట్లో సారూ అని పిలిచి, తర్వాత ఇబ్బందిపడి, చివరకు బొజ్జన్న దగ్గర స్థిరపడ్డాడు. శాలువా పనికొచ్చింది. కోసిన కాయలు మూటగట్టడానికి వాటమైన బట్ట అని పుల్లమ్మ రోజూ తెచ్చేది.

ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. కారం చేతులతో ఎత్తడం ఇష్టం లేక బొజ్జయ్య మోచేత్తో నొక్కి, నేల మీద పెట్టి విన్నాడు. ప్రసూన. బాగున్నావా బొజ్జన్నా అంది. పిల్లలు నిన్ను తలుచుకుంటున్నారంది. ఒకటో తరగతివాళ్లు ఒక్కరూ నోరు తెరవడం లేదు, ఇద్దరు పుట్టు మూగవాళ్లేమోనని అనుమానంగా ఉందంది.

“మూగోళ్లు కాదు మేడం,” అన్నాడు బొజ్జయ్య. “వాళ్ల మాటల్ల అడగున్రి, చెప్తరు.”

ఆ మాట నాకేం వస్తది అని ఆమె నిట్టూర్చింది. తర్వాత అసలు సంగతికి వచ్చింది. తనిఖీ ఉంది. పుష్పలత లాంటి పిల్ల మీ గుంపులో ఇంకెవరైనా ఉన్నారా, పట్నంలో కొన్నాళ్లు ఉండి వచ్చినవాళ్లు, ఆ చిలక ఒప్పుకునే గొంతు ఉన్నవాళ్లు అని అడిగింది. బడి పిల్లే కానక్కర్లేదంది.

బొజ్జయ్య ఆలోచించాడు. ఊళ్లో ఒక్కొక్క ఇల్లే తలుచుకున్నాడు.

“లేరు మేడం,” అన్నాడు. “మా దగ్గర ఉన్నవన్నీ దానికి ఇనపడని గొంతులే.”

ఫోను ఆగిపోయింది. పక్క సాలులో పుల్లమ్మ నడుం ఎత్తి చూసింది.

“బడి నుంచేనా? రమ్మంటున్నరా?”

“లేదు. గొంతు కావాల్నంట.”

పుల్లమ్మ వంగి, శాలువా మూటను కొంచెం ముందుకు జరిపి, ఆయన సాలులో వెనకబడిన కాయలు కూడా కోయడం మొదలుపెట్టింది.